ఇన్‌స్టాల్ బటన్ భాషాభిమానం

తెలుగు భవిష్యత్తు మీద జరిగే సభలకు పోయినప్పుడల్లా నేనొకటి గమనిస్తుంటాను. బడుల్లో తెలుగు మాధ్యమం గురించీ, మాండలికాల గురించీ నిప్పులు చెరిగిన వక్త, కంప్యూటర్లో తెలుగు అనే చోటికి వచ్చేసరికి హఠాత్తుగా మెత్తబడిపోతాడు. "ఆ సంగతి మన కుర్రాళ్ళు చూసుకుంటున్నారు" అనేసి తర్వాతి పాయింటుకు పోతాడు. కుర్రాళ్ళంటే నాలాంటివాళ్ళు. పగలంతా కోడ్ రాసి రాత్రిపూట కవిత్వం చదివేవాళ్ళం. సభ అయ్యాక చాయ్ దగ్గర ఈ కుర్రాళ్ళను అడిగితే వాళ్ళ జవాబు ఇంకా చిన్నది. "ఏదో ఒక యాప్ ఉండే ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసుకుంటే సరి."

ఆయన వీళ్ళ మీద పెట్టాడు. వీళ్ళు బటన్ మీద పెట్టారు. బటన్ వెనకాల ఎవరున్నారో ఎవరికీ పట్టలేదు.

ఈ వ్యాసం ఒక ప్లగిన్‌ని సోర్స్ కోడ్ నుంచి కట్టుకుని ఇన్‌స్టాల్ చేసుకోవడం గురించి. సాహిత్య పత్రికలో ఈ గోలేమిటి అనుకునేవాళ్ళతోనే నా పేచీ కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. మేం కోడ్ రాసుకునే ఎడిటర్లు కొన్నున్నాయి. వీఎస్ కోడ్, ఇంటెలిజే, ఎక్లిప్స్ వగైరా. వీటిలో వ్యాసాలూ రాసుకోవచ్చు, నేను రాస్తాను. వీటికి తగిలించుకునే చిన్నచిన్న ప్రోగ్రాములు ప్లగిన్లు. ఒకటి అక్షరదోషాలు చూస్తుంది, ఇంకోటి రంగులు మారుస్తుంది. వీటిని తెచ్చుకోవడానికి రెండు తోవలు. మార్కెట్‌ప్లేస్‌లో బటన్ నొక్కడం మొదటిది. ఆ ప్లగిన్ రాసినవాళ్ళు బయటపెట్టిన సోర్స్‌ని మన మెషీన్‌లోకి దించుకుని, దానికి కావలసిన లైబ్రరీలన్నీ తెచ్చుకుని, మనమే దాన్ని ఒక ఫైలుగా కట్టి, "ఫైలు నుంచి ఇన్‌స్టాల్" అన్న ఆప్షన్ దగ్గర ఇవ్వడం రెండోది. దీన్నే ఇంగ్లీషులో బిల్డ్ చేయడం అంటాం. "నిర్మించు" అని అనువదించినవాళ్ళున్నారు. నేను కట్టడం అంటాను. గోడ కట్టినట్టు, చీరె కట్టినట్టు, మూట కట్టినట్టు. ఇంత సులువైన క్రియ ఉండగా సంస్కృతం వరకు పోవలసిన పని లేదు.

పోయిన దసరాకు కల్వకుర్తి పోయినప్పుడు మా చిన్నాయన కొడుకు లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా నాయనమ్మ చెప్పే శాత్రాలు టైపు చేస్తున్నాడు. శాత్రం అంటే మా దిక్కు కథ. పేదరాశి పెద్దమ్మ కథల్లాంటివే, కానీ మా ఊర్ల పేర్లతో, మా ఊర్ల తిట్లతో. వాడు కోడ్ రాసే ఎడిటర్లోనే అవి కూడా రాసుకుంటున్నాడు. దానికి అక్షరదోషాలు చూసే ప్లగిన్ ఒకటి పెట్టి, తెలుగు నిఘంటువు తగిలించాడు. స్క్రీన్ మొత్తం ఎర్రగీతలు.

"అన్నా, నాకు తెలుగు రాదంటున్నదే ఇది."

చూస్తే "తెలుగు" అన్న మాట కింద కూడా ఎర్రగీతే ఉంది. "అమ్మ" కింద, "ఊరు" కింద, "నీళ్ళు" కింద, అన్నిటి కిందా. ఒకటి రెండు మాటలు మాత్రం బతికిపోయాయి. "పలక", "నడక", "వడ". కాసేపు చూశాక ఆ మూడింటికీ ఉన్న చుట్టరికం దొరికింది. వాటిలో గుణింతం లేదు, ఒత్తు లేదు.

సంగతి ఏమిటంటే, యూనికోడ్‌లో "తెలుగు" అంటే మూడక్షరాలు కాదు, ఆరు సంకేతాలు. త, దాని మీద ఎత్వం, ల, దానికి కొమ్ము, గ, దానికి కొమ్ము. యూనికోడ్ వీటిని రెండు రకాలుగా పెడుతుంది. త, ల, గ "ఎల్" వర్గం, అంటే అక్షరాలు. ఎత్వం, కొమ్ము, పొల్లు "ఎం" వర్గం, అంటే గుర్తులు. ఆ ప్లగిన్ రాసినవాళ్ళు "మాట అంటే ఏమిటి?" అన్న ప్రశ్నకు "ఎల్ వర్గపు అక్షరాల వరస" అని జవాబు రాసుకున్నారు. వాళ్ళ భాషకు అది సరిపోతుంది. మన భాషకొచ్చేసరికి అది ప్రతి గుణింతం దగ్గరా మాటను కోసేసి, "త" అనే మాట ఉందా, "ల" అనే మాట ఉందా, "గ" అనే మాట ఉందా అని నిఘంటువును అడుగుతుంది. లేదు, లేదు, లేదు. అందుకే ఎర్రగీత. (ఇంతకన్నా పాత ప్రోగ్రాములు ఇంకా మొరటు. జావాస్క్రిప్ట్‌లో మాటక్షరాలను పట్టుకోవడానికి ఎప్పటినుంచో వాడే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అనే గుర్తుకు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, ఒక అండర్‌స్కోర్ తప్ప ప్రపంచంలో ఇంకేమీ కనబడవు.)

దీన్ని బాగుచేయడం ఎంత పని? ఒక్క లైను. "ఎల్ వర్గం" అన్నచోట "ఎల్ లేదా ఎం వర్గం" అని రాయాలి. దాంతోపాటు నాన్‌జాయినర్ అని ఒక కనపడని అక్షరం ఉంటుంది, దాన్నీ చేర్చాలి. ఈ వ్యాసంలో "సాఫ్ట్‌వేర్" అని నేను రాసినప్పుడల్లా "ట్" తర్వాత అది కూర్చునే ఉంది. లేకపోతే "వ" పోయి "ట" కింద ఒత్తుగా అతుక్కునేది. అంతే. పది పన్నెండు అక్షరాల మార్పు. తెలుగు చదవడం వచ్చి, కోడ్ అంటే భయం లేనివాడు ఎవడైనా పది నిమిషాల్లో చేస్తాడు.

కానీ మార్కెట్‌ప్లేస్ బటన్ దగ్గర నిలబడినవాడు చేయలేడు. బటన్ మీకు తయారైన సరుకు ఇస్తుంది, లేదా ఇవ్వదు. సరుకులో ఒక లైను మార్చడం దాని పని కాదు. మీరు చేయగలిగిందల్లా కింద ఒక నక్షత్రం ఇచ్చి "తెలుగు సరిగా పనిచేయడం లేదు" అని రాయడం. అట్లా రాసినవాళ్ళు అప్పటికే ఉన్నారు, ఏండ్ల కిందటి తేదీలతో.

కాబట్టి కూర్చున్నాం. సోర్స్ బయటే ఉంది, లైసెన్సు ఉదారంగా ఉంది. గిట్‌తో దించాం. రీడ్‌మీ ఫైలు తెరిస్తే ప్లగిన్ ఎంత గొప్పదో నాలుగు బొమ్మలు, "మార్కెట్‌ప్లేస్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకోండి" అని ఒక లింకు. ఎట్లా కట్టాలో ఒక్క వాక్యం లేదు. నోడ్ ఏ వెర్షన్ కావాలో లేదు. వాడి దగ్గరున్నది కొత్త నోడ్, ప్లగిన్ వాడే లైబ్రరీల్లో ఒకటి పాతకాలంది. అందులో ఒక ముక్క సీ ప్లస్ ప్లస్‌లో ఉంది, దాన్ని అక్కడికక్కడే కంపైల్ చేసుకోవాలి. అంటే పైథాన్ కావాలి, ఒక కంపైలర్ కావాలి. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అని కొడితే వందల ప్యాకేజీలు దిగడం మొదలుపెట్టాయి. వాడి ఫోన్ హాట్‌స్పాట్ రోజుకు 1.5 జీబీ. సాయంత్రానికి అది అయిపోయింది. నా ఫోన్ పెట్టాం. అదీ అయిపోయింది. మర్నాడు పొద్దున మళ్ళీ మొదలు.

చిన్నమ్మ రెండుసార్లొచ్చి చూసి పోయింది. "పండుగ పూట గా డబ్బల తలకాయ పెట్టి ఏంజేస్తున్రురా?"

రెండోరోజు మధ్యాహ్నానికి పాత నోడ్ పెట్టి, కంపైలర్ పెట్టి, లైను మార్చి, ప్యాకేజీ చేసే కమాండు కొడితే చివరికి ఒక వీఎస్‌ఐఎక్స్ ఫైలు వచ్చింది. అది నిజానికి ఒక జిప్ ఫైలే. ఎడిటర్లో ఎక్స్‌టెన్షన్ల పేజీలో మూడు చుక్కల మీద నొక్కితే "వీఎస్‌ఐఎక్స్ నుంచి ఇన్‌స్టాల్" అని ఉంటుంది. ఇచ్చాం. ఆటో అప్‌డేట్ ఆగి ఉందో లేదో చూసుకున్నాం, లేకపోతే రేపు మార్కెట్‌ప్లేస్ నుంచి కొత్త వెర్షన్ వచ్చి మన దాని మీద కూర్చుంటుంది. ఎడిటర్ మూసి తెరిచాం. "తెలుగు" కింద గీత పోయింది.

ఇదే జావా ప్రపంచంలో అయితే ఇంకా బరువు. ఇంటెలిజే ప్లగిన్‌ని గ్రేడిల్‌తో కట్టడం కమాండు ప్రకారం చూస్తే ఒక్క వాక్యమే, కానీ మొదటిసారి కొట్టినప్పుడు అది ఏ ఎడిటర్ కోసం కడుతున్నామో ఆ ఎడిటర్ మొత్తాన్నీ మళ్ళీ ఒకసారి దించుకుంటుంది. హైదరాబాదులో ఆఫీసు వైఫై మీద కాఫీ తాగి వచ్చేసరికి అయిపోతుంది. కల్వకుర్తిలో ఒక రోజు డేటా.

"మా సోర్స్ ఓపెన్" అని చెప్పుకునేవాళ్ళతో నా మొదటి పేచీ అందుకే ఈ రీడ్‌మీ గురించి. సోర్స్ పెట్టి, దాన్ని కట్టే తోవ పెట్టకపోవడం అంటే తలుపు తీసి మెట్లు పీకేసినట్టు. లైసెన్సు దృష్ట్యా అది స్వేచ్ఛే. కానీ ఆ స్వేచ్ఛ ఎవరికి? ఆ ప్రాజెక్టు రాసినవాడికీ, వాడి పక్క సీట్లో ఉన్నవాడికీ. ఏ నోడ్, ఏ కంపైలర్, ఎంత డేటా, ఏ కమాండు, ఏ ఫోల్డర్లో ఫలితం వస్తుంది: ఈ ఐదూ రాయడానికి అరగంట పట్టదు. అది రాయనివాడు సోర్స్‌ని పంచడం లేదు, ప్రదర్శిస్తున్నాడు.

ఇక్కడ నా తోటి ఇంజినీర్లు ఒక మాట అందుకుంటారు. "కరెక్టే, సోర్స్ నుంచి కట్టుకోవాలి, సెక్యూరిటీ కోసం." వీళ్ళతో కూడా నాకు పడదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ గొడవ గుర్తుండే ఉంటుంది. రెండేళ్ళకు పైగా మంచివాడిగా పనిచేసి నమ్మకం సంపాదించిన ఒక ముసుగు మనిషి అందులో దొంగతలుపు పెట్టాడు. అతను పెట్టిన మాయ ఎక్కడుందో చూడండి. అందరూ చదివే గిట్ సోర్స్‌లో కాదు, పూర్తిగా కాదు. విడుదల చేసిన సోర్స్ మూటలో, కట్టే స్క్రిప్టులో ఒక ఫైలు అదనంగా ఉంది. ఆ మూట దించుకున్నవాడి చేతికి కూడా అదే ఫైలు. లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఒక పోస్ట్‌గ్రెస్ ఇంజినీరు తవ్వుకుంటూ పోయాడు కాబట్టి బయటపడింది. ఇంకా వెనక్కి పోతే, 1984లోనే కెన్ థాంప్సన్ తన ట్యూరింగ్ ప్రసంగవ్యాసంలో చెప్పాడు, కంపైలరే అబద్ధమాడితే నువ్వు సోర్స్ ఎంత చదివినా లాభం లేదని. ఇక ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అని కొట్టినప్పుడు దిగే వందల ప్యాకేజీల్లో మనం చదివేది ఎన్ని? 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని కర్త తీసేస్తే ప్రపంచవ్యాప్తంగా వేల ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. అంటే మనం కట్టాం అనుకునే ఇంట్లో ఇటుకలన్నీ ఎవరివో.

భద్రత ఒక చిన్న లాభం, అదీ అనుమానాస్పదమైన లాభం. అసలు కారణం అది కాదు. కట్టగలిగినవాడే మార్చగలడు. అంతకన్నా పెద్ద కారణం నాకు అక్కర్లేదు.

2018 ఫిబ్రవరిలో మన అక్షరం ఒకటి ప్రపంచ వార్తల్లోకెక్కింది. "జ్ఞా". ఈ అక్షరం లోపల ఇందాక చెప్పిన కనపడని నాన్‌జాయినర్ ఒకటి చేరి, ఆ మెసేజ్ ఐఫోన్‌కి వెళితే మెసేజ్ యాప్ కుప్పకూలేది. అల్లరి మూకలు ఆ అక్షరాన్ని పేర్లలో పెట్టుకుని ఎదుటివాళ్ళ ఫోన్లను పడగొట్టాయి. వార్తలన్నీ "భారతీయ అక్షరం ఫోన్లను చంపుతోంది" అన్న ధోరణిలోనే. తప్పు అక్షరానిదన్నట్టు. కొద్ది రోజుల్లో యాపిల్ ఒక అప్‌డేట్ వదిలింది, సమస్య పోయింది. మనం ఫేస్‌బుక్‌లో జోకులేసుకున్నాం. నా దృష్టిలో అందులో జోకేమీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్ల పైచిలుకు మందికి మాతృభాష అయిన లిపి అది. ఆ అక్షరం ఎందుకు పగులుతోందో చూసి బాగుచేయగల తెలుగు ఇంజినీర్లు భూమ్మీద వేలమంది ఉన్నారు. ఒక్కడూ చేయలేడు. ఎందుకంటే ఆ అక్షరాన్ని గీసే కోడ్ మూసి ఉంది. ఎదురుచూడ్డం ఒక్కటే పని.

దీని పక్కన హార్ఫ్‌బజ్‌ని పెట్టి చూడండి. ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, లిబ్రేఆఫీస్‌లో మన ఒత్తుల్నీ గుణింతాల్నీ సరిగ్గా పేర్చేది ఆ లైబ్రరీయే. సోర్స్ మొత్తం బయట ఉంది. దాని పేరు పారసీ మాట, "ఓపెన్ టైప్" అన్నదాన్ని సరదాగా పారసీలోకి మార్చి పెట్టుకున్నారు. రాసింది ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫాబోద్. తన లిపి తెర మీద సరిగ్గా కనబడాలని పట్టుబట్టినవాళ్ళు రాసిన కోడ్ మీద మన లిపి కూడా నడుస్తోంది. మనం ఎవరి లిపికి ఏం చేశాం అన్నది వేరే వ్యాసం.

నన్ను మరీ సిగ్గుపడేట్టు చేసే ఉదాహరణ హంగరీ. హంగేరియన్ మాట్లాడేవాళ్ళు కోటి ముప్పై లక్షల మంది. మన భాషలాగే వాళ్ళదీ ప్రత్యయాల మీద ప్రత్యయాలు అతికే భాష. మనం "చెప్పు" అన్న ధాతువు పట్టుకుని "చెప్పలేకపోయినప్పటికీ" దాకా ఒక్క మాటగా లాగుతాం చూడండి, అట్లాంటిదే. ఇంగ్లీషు లాంటి భాషల కోసం చేసిన అక్షరదోషాల ప్రోగ్రాములు ఇట్లాంటి భాష ముందు చతికిలబడతాయి. ప్రతి రూపాన్నీ జాబితాలో రాయలేం కదా. నేమెత్ లాస్లో అనే ఆయన ఏం చేశాడు? మైస్పెల్ అనే ప్రోగ్రాము సోర్స్ అందుబాటులో ఉంటే దాన్ని తీసుకుని, ప్రత్యయాల మీద ప్రత్యయాలను లెక్కగట్టేట్టు మార్చి, కట్టి, హన్‌స్పెల్ అని పేరుపెట్టాడు. హంగేరియన్ కోసం చేసుకున్నదది. ఇవాళ లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ అక్షరదోషాలు చూసేది చాలావరకు హన్‌స్పెల్ చేతిమీదుగానే. ఇంగ్లీషు వాళ్ళు కూడా హంగరీ వాడి ప్రోగ్రాముతో స్పెల్లింగు దిద్దుకుంటున్నారు. మనకన్నా ఆరో వంతు జనం. వాళ్ళు బటన్ దగ్గర నక్షత్రం ఇచ్చి వెళ్ళిపోలేదు.

మరి మన తెలుగు పరికరాల సంగతి? వాటిని చేసేవాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. ఉద్యోగాలు చేసుకుంటూ, నిద్ర మానుకుని చేస్తారు. కానీ అట్లా చేసినవాళ్ళలో చాలామంది సోర్స్ ఇవ్వరు. అడిగితే "కాపీ కొడతారండీ" అంటారు. ఆ భయం అబద్ధమని నేననను, మన దగ్గర పద్యాలే కాపీ కొడతారు. అయితే చివరికి జరిగేది ఇది: చేసినాయన అమెరికా పోతాడు, లేదా పిల్లలు పుడతారు, లేదా విసుగొస్తుంది. సైటు డొమైన్ గడువు అయిపోతుంది. విండోస్ మారుతుంది. ఆ పరికరం మీద ఆధారపడి టైపు చేసిన వందల పేజీలు చెత్త అక్షరాలై మిగులుతాయి. పాత డీటీపీ ఫాంట్లలో చిక్కుకుపోయిన మన పుస్తకాలను అడగండి, చెబుతాయి. ఫైలుంది, ఫాంటు లేకపోతే అందులో తెలుగు లేదు.

దీనికి ఎదురు ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి. దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సు మీద వదిలారు. సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లలో "సురవరం" అని ఒకటుంది, ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద. ఎవరైనా తెరవొచ్చు, మార్చుకోవచ్చు, మార్చినది మళ్ళీ పంచొచ్చు. సురవరం ప్రతాపరెడ్డిది మా పాలమూరే, గద్వాల దిక్కు. ఆయన పేరు మీద మూసిన ఫాంటు వచ్చుంటే నాకు కోపం వచ్చేది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న ఎగతాళికి ఆయన వాదన రాయలేదు. 1934లో గోలకొండ కవుల సంచిక వేశాడు. 354 మంది కవులు, వాళ్ళ పద్యాలు. కావాలంటే మీరే లెక్కపెట్టుకోండి అన్నట్టు. తీర్పు కాకుండా ముడిసరుకు పాఠకుల ముందు పెట్టడం అనే అలవాటు మనకు కొత్తదేమీ కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

బటన్ గురించి ఇంకో చిన్న మాట. అది కూడా ఒకరి సొంతం. వీఎస్ కోడ్ సోర్స్ ఎంఐటీ లైసెన్సు మీద బయటే ఉంది, కానీ మనమంతా దించుకునే తయారైన ప్రోగ్రాముకు మైక్రోసాఫ్ట్ లైసెన్సు వేరు. ఆ సోర్స్‌ని విడిగా కట్టి వీఎస్‌కోడియం అనే పేరుతో ఇస్తున్నవాళ్ళున్నారు. అది వాడేవాడికి మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్ షరతుల ప్రకారం ఆ బటన్ మీద హక్కు లేదు. అందుకే ఎక్లిప్స్ ఫౌండేషన్ వాళ్ళ ఓపెన్ వీఎస్‌ఎక్స్ అనే ఇంకో అంగడి నడుస్తోంది. మీకు కావలసిన ప్లగిన్ అక్కడ లేకపోతే? మళ్ళీ సోర్స్ నుంచి కట్టుకోవడమే.

నా తోటి ఇంజినీర్లకు చెప్పేది కొంచెం కటువుగానే ఉంటుంది. పాలమూరు లేబర్ అన్న మాట మీరు వినే ఉంటారు. మా ఊర్ల నుంచి గుంపుమేస్త్రీల వెంట పోయి దేశమంతా డ్యాములు కట్టినవాళ్ళు. కట్టినచోట నీళ్ళు పారాయి, వాళ్ళ చెలకలు ఎండాయి. వాళ్ళకు వేరే దారి లేదు, అప్పు తీసుకుని పోయారు. మనకేమైంది? గచ్చిబౌలిలో కూర్చుని పగలంతా మనం చేసేది బిల్డులే. ఎవరి కంపెనీకో, ఏ దేశపు బ్యాంకుకో పైప్‌లైన్లు కడతాం. రాత్రి పదింటికి బిల్డు విరిగిందని ఫోనొస్తే లేచి బాగుచేస్తాం. అదే మనిషి తెలుగు కీబోర్డులో ఒక పొల్లు సరిగ్గా పడకపోతే "ఈ తెలుగు సపోర్ట్ ఎప్పుడూ ఇంతే" అని ఇంగ్లీషులో ట్వీట్ చేస్తాడు. మనల్ని ఏ మేస్త్రీ ఆపాడు?

"ఇప్పుడు ఏఐ ఉంది కదా, అదే కట్టి పెడుతుంది" అనేవాళ్ళు కొత్తగా బయల్దేరారు. మేం ఆ రెండు రోజుల్లో దాన్నీ అడిగాం. కమాండ్లు బాగానే చెప్పింది, ఒకటి రెండు పనికొచ్చాయి. కానీ అది కట్టాలన్నా సోర్స్ ఉండాలి, ఆ మెషీన్ మీద డేటా ఉండాలి, వచ్చిన ఫలితం చూసి "ఇది తెలుగు కాదు" అని చెప్పగల మనిషి పక్కన ఉండాలి.

ఆ మనిషి ఇంజినీరే కానక్కర్లేదు. ప్లగిన్ బాగైన తర్వాత తమ్ముడి స్క్రీన్ మీద ఏం జరిగిందో చెబితే ఎందుకంటున్నానో తెలుస్తుంది. తొంభై పాళ్ళు ఎర్రగీతలు పోయాయి. మిగిలినవి చూస్తే అన్నీ నాయనమ్మ మాటలు. "శాత్రం" ఎరుపు. "తోవ" ఎరుపు. "మడిగె" ఎరుపు. "వచ్చాడు" తెల్లగా ఉంది, "వచ్చిండు" కింద గీత ఉంది. అంతవరకూ యూనికోడ్ గొడవ. ఇక్కడినుంచి మన పాత గొడవ. ఏది తెలుగు, ఎవరిది తప్పు అన్నది. వ్యవహారిక భాష కోసం, తెలంగాణ భాష కోసం ఇన్నేళ్ళు కొట్లాడి, కథల్లో, కవిత్వంలో గెలుచుకున్నది ఒక చిన్న ఫైలులో ఓడిపోతోంది. పత్రికలో మీరు "వచ్చిండు" అని రాసే హక్కు ఎవరూ కాదనరు. కానీ పదిహేనేళ్ళ పిల్ల ఫోన్లో అదే రాస్తే కింద ఎర్రగీత పడుతుంది. ఆ పిల్ల ఏ వ్యాసమూ చదవదు. గీతను చదువుతుంది.

ఆ ఫైలు ఏ రహస్య కోడో కాదు. హన్‌స్పెల్ నిఘంటువు అంటే రెండే ఫైళ్ళు, రెండూ మామూలు టెక్స్ట్. ఒకదానిలో మాటలు, వరసకు ఒకటి. రెండోదానిలో ఏ మాటకు ఏ ప్రత్యయం అతుకుతుందో నియమాలు. తెలుగుది డెబియన్‌లో ఒక ప్యాకేజీగా దొరుకుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఒకటీ అరా మాట చేర్చడానికి కట్టడం కూడా అక్కర్లేదు, ఎడిటర్లో సొంత జాబితా పెట్టుకోవచ్చు. కానీ "-ఇండు" అన్న ప్రత్యయాన్ని ఒక నియమంగా రాస్తే వచ్చిండు, చెప్పిండు, పోయిండు, చేసిండు అన్నీ ఒక్క దెబ్బకు తెలుగైపోతాయి. ఆ నియమం రాయడానికి కావలసింది వ్యాకరణం తెలిసిన మనిషి, కథలు చదివిన మనిషి. అంటే ఈ పత్రిక చదివేవాళ్ళు. మీలో ఎంతమంది ఆ ఫైలు ఒక్కసారైనా తెరిచి చూశారు? "కుర్రాళ్ళు చూసుకుంటారు" అని మీరు వదిలేసింది సాంకేతిక విషయం కాదు, వ్యాకరణం. దాన్ని మాలాంటి ఇంజినీర్లకు వదిలేయడం, నిజం చెప్పాలంటే, మీకే ప్రమాదం. మేం ఏది సులువైతే అది చేస్తాం.

ప్లగిన్‌లో మార్చిన లైనును, కట్టే పద్ధతి ఐదు వాక్యాల్లో రాసి, అసలు ప్రాజెక్టుకు పంపాను. ఇది రాసేనాటికి ఇంకా ఎవరూ చూడలేదు. అప్పటిదాకా మా ఇంట్లో కట్టిందే నడుస్తోంది. నియమాల ఫైలు మీద పని సాగుతోంది, తగువుతో సహా. బహువచనం దగ్గర నేను "వచ్చిన్రు" రాశాను. వనపర్తి మిత్రుడొకాయన, తెలుగు పంతులు, చూసి "వచ్చిండ్రు అనాలె, మీ కల్వకుర్తోళ్ళు డకారం మింగుతరు" అన్నాడు. ప్రస్తుతానికి రెండూ పెట్టాం. "వొచ్చిన్రు" అని ఒకారంతో రాయాలన్నది మాత్రం ఇంకా తెగలేదు.